కాఫీ: పండించినవారి మాట, తాగినవారి మాట

కాఫీ అనే మాట ఎక్కడిదని అడిగితే మన పత్రికల్లో, క్విజ్ పుస్తకాల్లో తరచుగా దొరికే జవాబు ఒకటుంది. ఇథియోపియా నైరుతి భాగంలో కఫా అనే సీమ ఉంది. కాఫీ చెట్టు అక్కడి అడవుల్లో పుట్టింది. ఆ సీమ పేరే పానీయానికీ వచ్చింది. వినడానికి ఇంపుగా ఉంటుంది, గుర్తు పెట్టుకోవడమూ తేలిక. చెట్టు మటుకు నిజంగానే ఆ అడవులది. మాట కూడా అక్కడిదేనా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేయడం వల్లనే కాఫీ పేరు చుట్టూ ఇంత గందరగోళం పేరుకుంది.

ఇప్పటిదాకా వచ్చిన వాదాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది పైన చెప్పిన కఫా వాదం. రెండోది, అరబ్బీలో ఒకప్పుడు మద్యానికి ఉన్న 'కహ్వా' అనే పేరు కాఫీకి బదిలీ అయిందనేది. మూడోది, ఆ కహ్వా అన్న మాటకు మూలార్థం ముదురు రంగు అనేది. నాలుగోది, బలం అనే అర్థమున్న 'కువ్వా' నుంచి వచ్చిందనేది. వీటిని తూచడానికి ధ్వని పోలిక ఒక్కటే చాలదు. మాట మొదట ఏ రాతలో, ఏ అర్థంతో కనిపించింది, ఏ దారిన నడిచింది, ఆ వస్తువుతో బతికేవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు అన్నవి కూడా చూడాలి. అలా చూసినప్పుడు నాకు తేలింది ఇది: కాఫీకి మొదటినుంచీ రెండు పేర్లున్నాయి. పండించినవాళ్లది ఒకటి, కాచుకుని తాగినవాళ్లది ఇంకొకటి. లోకం రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని మరిచిపోయింది.

చెట్టు ఉన్నచోట ఉన్న పేరు

మనం అరబికా అని పిలిచే కాఫీ జాతి పుట్టిల్లు ఇథియోపియా నైరుతి కొండల్లోని నీడ అడవులు. కెనెఫోరా, యూజినియాయిడిస్ అనే మరో రెండు జాతులు ప్రకృతిలోనే కలిసి ఈ జాతి పుట్టిందని జన్యు పరిశోధనలు తేల్చాయి. ఆ కెనెఫోరానే మనం రోబస్టా అంటాం. కాఫీ ప్రజాతిలో 120కి పైగా జాతులున్నా ప్రపంచం తాగేదంతా దాదాపుగా ఈ రెండే, అరబికా, రోబస్టా.

ఆ కొండల చుట్టూ ఉన్నవాళ్లు కాఫీని ఏమంటారు? అమ్హారిక్ భాషలో బున్న. ఒరొమో భాషలో బున. అసలు కఫా సీమలోనే, కఫా జనం సొంత భాషలో బునో. కఫా 1897లో ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ సేనల చేతిలో ఓడిపోయేదాకా సొంత రాజులున్న రాజ్యం. ఆ నేల మీద ఆ చెట్టుతో తరతరాలుగా కలిసి బతికిన ప్రజలు దాన్ని తమ సీమ పేరుతో పిలవలేదు. కఫా వాదానికి మొదటి దెబ్బ కఫా నుంచే తగులుతోంది.

ఇథియోపియా ఇళ్లలో ఇప్పటికీ బున్న కాయడం ఒక పూట పని. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. పచ్చి గింజలను కడిగి, పెనం మీద అందరి ఎదుటా వేయించి, ఆ పొగను చుట్టూ కూర్చున్నవాళ్ల దగ్గరికి తెచ్చి వాసన చూపిస్తారు. దంచిన పొడిని జెబెనా అనే సన్నమెడ మట్టి కూజాలో మరిగించి, పిడిలేని చిన్న గిన్నెల్లో వంచుతారు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి మూడు విడతలు కాస్తారు. మొదటి విడత అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. మూడో దాని పేరుకి దీవెన అని అర్థం. బెరెకా తాగకుండా లేవడం మర్యాద కాదు. ఒక్క పానీయపు మూడు విడతలకు మూడు పేర్లు పెట్టుకున్న సమాజం తన చెట్టుకు పేరు పెట్టుకోకుండా ఉంటుందా?

ఆ పేరు ఎర్ర సముద్రం దాటింది కూడా. అరబ్బీలో కాఫీ గింజకు, చెట్టుకు 'బున్' అనే పేరు నిలిచింది. ఆఫ్రికా తూర్పు తీరంలోని స్వాహిలీలో పానీయం 'కహావా', గింజ 'బుని'. పండించినవారి మాట గింజను అంటిపెట్టుకుని ఉంది. పానీయం దగ్గరికి వచ్చేసరికి కొత్త పేరు మొదలైంది.

మద్యం పేరు మారిన తీరు

కహ్వా అరబ్బీలో కాఫీ కంటే చాలా పాతది. అబూ నువాస్ వంటి 8వ శతాబ్దపు కవులు ఆ మాటను మద్యం అనే అర్థంలోనే వాడారు. అప్పటికి కాఫీ తాగే అలవాటు జాడే లేదు. 13వ శతాబ్దం చివర ఇబ్న్ మంజూర్ కూర్చిన 'లిసాన్ అల్ అరబ్' అనే మహానిఘంటువు కహ్వా అంటే మద్యమనీ, అది తాగినవాడికి తిండి మీద కోరిక తగ్గిస్తుంది కనుక ఆ పేరనీ వివరిస్తుంది. ఆకలి మందగించడం అనే అర్థమున్న క్రియాధాతువుకు దాన్ని ముడిపెట్టారు. కాఫీకీ ఆకలిని మందగించే గుణం ఉంది, దాంతోపాటు నిద్రనూ దూరం చేస్తుంది. పేరు బదిలీ కావడానికి దారి అక్కడే తెరుచుకుంది.

బదిలీ జరిగిన చోటు యెమెన్, కాలం 15వ శతాబ్దం. ఈ సంగతి మనకు ముఖ్యంగా అబ్దుల్ కాదిర్ అల్ జజీరి 1558 ప్రాంతంలో కాఫీ ధర్మబద్ధమేనని వాదిస్తూ రాసిన గ్రంథం వల్ల తెలుస్తోంది. తనకు ముందటి వాళ్ల సాక్ష్యాలను ఆయన వరసగా పేర్చాడు. ఏడెన్ నగరపు ముఫ్తీ జమాలుద్దీన్ అల్ ధబ్హానీ ఆఫ్రికా తీరానికి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు ఈ పానీయం వాడడం చూశాడనీ, తిరిగొచ్చాక జబ్బుపడి తాను తాగి మేలు పొందాడనీ, ఆయన ద్వారా సూఫీలకు అలవాటైందనీ ఒక కథనం. ధబ్హానీ చనిపోయింది 1470 ప్రాంతంలో.

జజీరి సేకరించిన మాటల్లో మన ప్రశ్నకు అన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటి ఉంది. యెమెన్‌లో కాఫీ గింజ కంటే ముందు 'కఫ్తా' అనే ఆకుతో కహ్వా కాచేవారు. అది ఇప్పటికీ అక్కడ నమిలే ఖాత్ ఆకే. ఆకు దొరకనప్పుడు దాని బదులు బున్ వాడమని ధబ్హానీ చెప్పాడంటారు. గింజ వేయకుండా కాయ పైతొక్కును మాత్రమే ఎండబెట్టి కాచేది 'కిష్ర్' కహ్వా. యెమెన్‌లో అది నేటికీ తాగుతారు. కహ్వా అనేది మొదట ఒక గింజ పేరు కాదన్నమాట. నిద్రను, ఆకలిని అణిచే కాచిన పానీయం ఏదైనా కహ్వాయే; దేనితో కాచారన్నది పక్కన చేర్చి చెప్పేవారు, ఆకు కహ్వా, తొక్కు కహ్వా, బున్ కహ్వా అని. గింజ రాకముందే పేరు సిద్ధంగా ఉన్నప్పుడు ఆ పేరును గింజ పుట్టిన ఊరి నుంచి తేవలసిన అవసరమేముంది? కఫా వాదం నిలవదనడానికి నాకు కనిపించే బలమైన ఆధారం ఇదే.

ఈ పానీయం చుట్టూ సూఫీలు అల్లుకున్న భక్తిని జజీరి గ్రంథమే దగ్గరగా చూపిస్తుంది. 16వ శతాబ్దం ఆరంభం నాటికి కైరోలో అల్ అజ్హర్ మసీదు దగ్గర ఉండే యెమెన్ సూఫీలు సోమవారం, శుక్రవారం ముందటి రాత్రుళ్లు కూడేవారు. పెద్ద ఎర్రమట్టి పాత్రలో కహ్వా పోసి పెట్టేవారు. పెద్దవాడు చిన్న గరిటెతో ముంచి కుడివైపు నుంచి వరసగా అందించేవాడు. వాళ్లు తాగుతూ దేవుణ్ని స్మరిస్తూ తెల్లవార్లూ మేలుకునేవారు.

బలం అనే అర్థంతో ముడిపెట్టే వాదం కూడా ఈ సమూహాల్లోనే వేళ్లూనింది. అరబ్బీ అక్షరాలకు సంఖ్యా విలువలున్నాయి, మన కటపయాది సంఖ్యల మాదిరిగా. కహ్వా అని రాస్తే కాఫ్‌కు 100, హాకు 5, వావ్‌కు 6, చివరి అక్షరానికి 5, మొత్తం 116. 'బలవంతుడు' అనే అర్థమున్న దైవనామం 'కవీ' కూడా కాఫ్ 100, వావ్ 6, యా 10 కలిపి 116. అందుకని కాఫీ ముందు పెట్టుకుని 116 సార్లు 'యా కవీ' అని జపించేవారు. వాళ్ల భక్తికి ఇది గొప్ప సాక్ష్యం. మాట పుట్టుకకు మాత్రం ఆధారం కాదు. కువ్వా, కహ్వా రెండూ వేర్వేరు ధాతువుల నుంచి వచ్చినవి. పేరు స్థిరపడిపోయాక దానికి వెతికిన పుణ్యార్థం ఇది.

ముదురు రంగు వాదం ఇంతకంటే గట్టిది. భాషావేత్త అలన్ కే 1986లో ఒక చిన్న వ్యాసంలో సెమిటిక్ భాషల్లో నలుపు, మసక అనే అర్థమున్న ధాతువునుంచి కహ్వాను సాధించాడు. ముదురు రంగు మద్యానికైనా, నల్లటి కాఫీకైనా అది సరిపోతుంది. పాత అరబ్బీ నిఘంటుకారుల ఆకలి వివరణ, ఈ రంగు వివరణ రెండూ కహ్వా అనే మాట లోపలి వేరును గురించినవి. కహ్వాయే కాఫీకి మూలం అన్న విషయంలో రెండింటికీ తేడా లేదు. నాలుగు వాదాలూ సమాన స్థాయిలో పోటీ పడుతున్నాయని రాయడం అందుకే పొరపాటు. కహ్వా దగ్గరికి చేరేదాకా దారి ఒక్కటే. దానికి అవతల, అరబ్బీ ధాతువు దగ్గర మాత్రమే రెండుగా చీలుతుంది.

మద్యం పేరు మోయడం కాఫీకి కష్టాలూ తెచ్చింది. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే మమ్లూక్ అధికారి రాత్రిపూట మసీదు దగ్గర కొందరు దీపాల వెలుగులో గిన్నె చేతులు మార్చుకుంటూ తాగడం చూసి, న్యాయవేత్తలను పిలిపించి కాఫీని నిషేధింపజేశాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. గిన్నె ఒకరి నుంచి ఒకరికి పోవడం, గుంపుగా కూర్చోవడం, పైగా పాత పేరు, అన్నీ మద్యం కొలువును తలపించేవే. జజీరి అంత పెద్ద గ్రంథం రాయవలసి వచ్చిందంటే ఆ తగువు ఎంత లోతుకు పోయిందో తెలుస్తుంది.

హకారం పోయి ఫకారం వచ్చిన దారి

1550ల నడుమ ఇస్తాంబుల్‌లో మొదటి కాఫీ అంగళ్లు వెలిశాయి. అలెప్పో నుంచి ఒకరు, డమాస్కస్ నుంచి ఒకరు వచ్చి వాటిని తెరిచారని ఉస్మానీ చరిత్రకారుడు పెచెవీ రాశాడు. టర్కీ నాలుక మీద కహ్వా 'కహ్వె' అయింది. యూరప్ విన్నది ఎక్కువగా ఈ రూపాన్నే. హకారం, వకారం పక్కపక్కన పలకడం అలవాటు లేని భాషలు ఆ రెంటినీ కలిపి ఫకారంగా నొక్కేశాయి. ఇటలీలో కఫే, ఫ్రాన్సులో కఫే, జర్మనీలో కఫె. ఉస్మానీల సరిహద్దుల్లో పాత ధ్వనులు కొంత మిగిలాయి. పోలండులో కావా, హంగరీలో కావే. ఒకరి మాట ఒకరికి తేలిగ్గా అర్థమయ్యే మూడు ఇరుగుపొరుగు సమాజాల్లో సెర్బులు కఫా అంటే, క్రొయేషియన్లు కావా అంటారు, బోస్నియా ముస్లింలు హకారం వదలకుండా కహ్వా అంటారు. ఆ సెర్బు కఫాకూ ఇథియోపియా కఫాకూ ఏ సంబంధమూ లేదు. ధ్వని పోలికను నమ్మి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చూపడానికి ఇది చాలు.

యూరప్ తొలి సాక్షులిద్దరూ రెండు పేర్లనూ విన్నారన్నది గమనించాలి. ఆగ్స్‌బర్గ్ వైద్యుడు లియొన్‌హార్డ్ రౌవోల్ఫ్ 1573లో అలెప్పో చేరి, తాను చూసినదాన్ని 1582లో అచ్చువేశాడు. అందులో పానీయం 'చౌబె', గింజలు 'బున్ను'. ఇటలీ వృక్షశాస్త్రవేత్త ప్రోస్పెరో ఆల్పీని 1592లో ఈజిప్టు మొక్కల మీద రాసిన పుస్తకంలో చెట్టు 'బొన్', పానీయం 'కఓవా'. చెట్టుకూ పానీయానికీ వేర్వేరు పేర్లున్నాయని ఇద్దరూ విడివిడిగా నమోదు చేశారు. తరవాత వచ్చిన వర్తకులకు చెట్టుతో పనిలేదు. వాళ్లు కొన్నదీ అమ్మిందీ పానీయం పేరుతోనే.

ఇంగ్లీషులో 1598 నాటి ఒక అనువాద గ్రంథంలో ఈ మాట 'చఓవా' రూపంలో కనిపిస్తుంది. ఆ తరవాత కొన్ని దశాబ్దాలు కోహో, కోహు, కోఫా, కాఫె అంటూ ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. 1650లో ఆక్స్‌ఫర్డ్‌లో, 1652లో లండన్‌లో కాఫీ అంగళ్లు మొదలయ్యాక ఇప్పటి రూపం కుదురుకుంది. డచ్చివాళ్లది 'కోఫీ'. ఇంగ్లీషు, డచ్చి రూపాల్లో ఒకారం వినిపించడం వెనక అరబ్బీ 'అహ్వ' ధ్వని ప్రభావం ఉందని నిఘంటుకారులు చెబుతారు. జపానుకు నాగసాకిలోని డచ్చి వర్తకుల ద్వారా ఈ మాట చేరి 'కోహీ' అయింది. దానికి ఇప్పుడు రాసే చైనా అక్షరాలను ఎంచినవాడు ఉదగావా యోఆన్ అనే 19వ శతాబ్దపు పండితుడని చెబుతారు. మలయ్, ఇండొనేషియా భాషల్లో కోపి.

మన దేశంలోకి రెండు దారులు

భారతదేశంలోకి ఈ మాట రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పారసీకం మీదుగా, కహ్వాగా. 1616కూ 1619కీ నడుమ మొఘల్ దర్బారులో ఉన్న ఇంగ్లీషు రాయబారి థామస్ రో వెంట వచ్చిన ఎడ్వర్డ్ టెర్రీ అనే పాదిరీ, మద్యం ముట్టని ముస్లింలు ఇక్కడ కాఫీ తాగుతున్నారని రాశాడు. 18వ శతాబ్దంలో ఢిల్లీ చాందినీ చౌక్‌లో కహ్వాఖానాలు ఉండేవి. కవులు చేరి కవిత్వం చదివేవారు. ఆ ముచ్చట రాసిన దర్గా కులీ ఖాన్ దక్కన్‌వాడు. మొదటి అసఫ్‌జా వెంట ఢిల్లీకి వెళ్లి అక్కడ చూసిందంతా పారసీకంలో రాసిపెట్టాడు. ఆ వాడుక తరవాత సన్నగిల్లింది. కశ్మీరులో ఇప్పుడు కహ్వా అంటే కాఫీ కానే కాదు. కుంకుమపువ్వు, దాల్చినచెక్క, ఏలకులు వేసి కాచి బాదం పలుకులు చల్లిన గ్రీన్ టీ అది. పాకిస్తాన్‌లోని పెషావర్ వైపు కూడా కహ్వా అంటే టీయే. పేరు నిలిచింది, గిన్నెలో సరుకు మారింది.

చెట్టు వచ్చిన కథ వేరు. బాబా బుడన్ అనే ఫకీరు 17వ శతాబ్దంలో హజ్ యాత్ర నుంచి తిరిగొస్తూ యెమెన్ రేవు మోఖా నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు దగ్గర చంద్రగిరి కొండల్లో నాటాడని కన్నడ దేశంలో చెప్పుకుంటారు. ఆ కొండలకు ఆయన పేరే నిలిచింది. అరబ్బు దేశం నుంచి నేరుగా వచ్చిన ఆ చెట్టుకు దక్షిణాదిన అరబ్బీ పేరు నిలవలేదు. 19వ శతాబ్దంలో తోటలు వేసిన ఇంగ్లీషువాళ్ల మాటే జనం నోటికొచ్చింది. తమిళంలో, మలయాళంలో కాప్పి, తెలుగులో కాఫీ. మన పల్లెల్లో పెద్దవాళ్లు పలికే 'కాపీ' కూడా ఆ కుటుంబంలోదే.

కహ్వా అనే మాటను తెలుగువాళ్లలో కొందరు మళ్లీ విన్నది గల్ఫ్‌లో. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లకు 'గహ్వా' తెలుసు. గల్ఫ్ అరబ్బీలో కకారం గకారంలా పలుకుతుంది. లేతగా వేయించిన గింజలు, ఏలకులు వేసి కాచిన పల్చటి పసుపు రంగు పానీయం అది. పాలు, పంచదార ఉండవు. ముక్కులా సాగిన మూతి ఉన్న దల్లా అనే కూజాలో పోసి, ఫింజాన్ అనే చిన్న గిన్నెలో అడుగు తడిసేంత వంచి అతిథికి ఇస్తారు. ఇక చాలు అనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. గల్ఫ్ ఇళ్లలో ఈ గహ్వా పోసిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. మన ఇంట్లో తాగే కాఫీ, అక్కడ పోసే గహ్వా ఒకే మాట రెండు రూపాలు.

పానీయం దాటిన అర్థాలు

ఒక పానీయం పేరు ఇన్ని అర్థాలకు విస్తరించడం అరుదు. మొదటి విస్తరణ చోటు మీదికి. ఫ్రెంచిలో కఫే అంటే పానీయమూ అదే, తాగే చోటూ అదే. మనం కేఫ్ అనేది అదే మాట. ఇరాన్‌లో కహ్వేఖానె అంటే కాఫీ ఇల్లు. కానీ 19వ శతాబ్దంలో అక్కడ చాయ్ వ్యాపించి కాఫీని వెనక్కి నెట్టడంతో, కాఫీ పేరున్న ఆ అంగళ్లలో చాయే దొరుకుతుంది. ఆ దేశం నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు హైదరాబాదులో పెట్టిన ఇరానీ కేఫుల్లోనూ అంతే. కేఫ్ అని బోర్డు, లోపల ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇరవై ఏళ్ల కిందట మన పట్టణాల్లో సందుకొకటి వెలిసిన ఇంటర్నెట్ కేఫుల్లో తాగడానికి ఏమీ ఉండేది కాదు. నలుగురు వచ్చి కాసేపు కూర్చుని పోయే చోటు అన్న అర్థం ఒక్కటే మాటలో మిగిలింది.

రెండో విస్తరణ పూట మీదికి. టర్కీలో ఉదయపు ఫలహారం 'కహ్వాల్తి', కాఫీకి ముందు తినేది అని. బ్రెజిల్ పోర్చుగీసులో అదే ఫలహారానికి 'ఉదయపు కాఫీ' అనే అర్థమున్న పేరు. మలయాళంలో 'కాప్పి' అంటే చాలాచోట్ల పొద్దుటి తిండి మొత్తం. తెలుగులో ఆ అర్థం అంత దూరం పోలేదు కానీ దగ్గరదాకా వచ్చింది. పొద్దున్నే ఎదురైనవారిని 'కాఫీలయ్యాయా?' అంటాం. భోజనాలయ్యాయా, టిఫిన్లయ్యాయా అన్న తీరులోనే కాఫీ కూడా బహువచనంలో నిలబడింది. 'మంచినీళ్లయ్యాయా' అని మటుకు ఎవరూ అడగరు. కాఫీకి రోజులో ఒక పూట హోదా దక్కిందన్నమాట.

మూడోది రంగు మీదికి. టర్కీలో గోధుమవర్ణానికి 'కాఫీ రంగు' అనే పేరే స్థిరపడింది. పారసీకంలో 'కహ్వెయీ'. మన చీరల కొట్లో కాఫీపొడి రంగు చూపించమంటే అమ్మేవాడు తడుముకోడు.

నాలుగోది శాస్త్రంలోకి. 1819లో జర్మన్ రసాయనవేత్త రుంగే, మహాకవి గోథే ఇచ్చిన కాఫీ గింజల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశాడు. దానికి కాఫీ పేరుమీదుగా కెఫీన్ అన్న పేరు వచ్చింది. 1827లో టీ ఆకులో దొరికిన పదార్థానికి థెయీన్ అని పేరు పెట్టారు. పదకొండేళ్లకు రెండూ ఒకటేనని తేలి, టీలోనిదానికీ కాఫీ పేరే మిగిలింది.

ఊళ్ల పేర్లు కాఫీకి అంటుకుని ఊళ్లను దాటిపోయాయి. యెమెన్ రేవు మోఖా పేరు ఇప్పుడు చాక్లెట్ కలిపిన కాఫీకి చెల్లుతోంది. జావా దీవి పేరు అమెరికాలో కాఫీకి మారుపేరై, 1995లో వచ్చిన ఒక ప్రోగ్రామింగ్ భాషకు పేరైంది. ఆ భాష గుర్తు ఇప్పటికీ పొగలు కక్కే కప్పు. అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద ఏళ్ల తరబడి కనిపించిన 'జావా' కాఫీ చరిత్రలో ఒక ముక్కే. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఈ చెట్టుకు అరబికా అని పేరు పెట్టడం మటుకు సరిదిద్దలేని అన్యాయం. సరుకు వచ్చిన రేవును చూసి పుట్టిన నేల అనుకున్నారు. ఇథియోపియా చెట్టుకు అరేబియా పేరు శాశ్వతమైపోయింది.

తెలుగులో కాఫీ అంటే

తెలుగువాడికి కాఫీ అంటే పాలు కలిపినదే. పాలు లేనిది కావాలంటే బ్లాక్ కాఫీ అని విడిగా చెప్పాలి. మన క్రియాపదమే ఈ సంగతి పట్టిస్తుంది. టీ పెడతాం, కాఫీ ఎక్కువగా కలుపుతాం. ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, బిళ్లతో మెల్లగా నొక్కి, సలసల కాగిన నీళ్లు పోసి మూతపెడితే, అడుగు చిల్లుల గుండా కిందిగిన్నెలోకి డికాషన్ చుక్కచుక్కగా దిగుతుంది. తొందరపడితే పల్చబడుతుంది, పొడిని మరీ గట్టిగా నొక్కితే అసలు దిగదు. మొదటి డికాషన్ ఇంటికొచ్చిన పెద్దలకు, రెండోది ఆలస్యంగా లేచినవాళ్లకు. అది సిద్ధంగా ఉన్నాక చిక్కటి పాలలో పోసి కలపడం నిమిషం పని. డికాషన్ అన్న మాట ఇంగ్లీషు వైద్యంలో కషాయానికి పేరు. మన కాఫీ కషాయమే అయినా ఆ తెలుగు మాటను దానికి వాడం. కషాయం జబ్బుకి తాగేది, డికాషన్ ఇష్టంగా తాగేది.

పొడి కొనేచోట మాట ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ప్లాంటేషన్ ఎంత, పీబెర్రీ ఎంత, చికోరీ ఎంత అని పాళ్లు చెప్పి మర పట్టించుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సాధారణంగా ఒక్కో కాయలో రెండు గింజలు బల్లపరుపుగా అతుక్కుని ఉంటాయి. ఒకే గింజ గుండ్రంగా ఎదిగితే అది పీబెర్రీ. చికోరీ కాఫీ కానే కాదు, వేరే మొక్క వేరు. వేయించి పొడి చేస్తే రంగు, చిక్కదనం ఇస్తుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత ఉందో పొట్లం మీద రాయాలి. కాఫీ అనే మాటకు చట్టం గీసిన గీత అది.

ఇక పండించేవాళ్లు మన మధ్యే ఉన్నారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి, అనంతగిరి కొండల మీద గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన అరబికా పండిస్తారు. ఆ చెట్లకే మిరియపు తీగ పాకిస్తారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. కాఫీ పేర్లు ఎక్కువగా రేవులవీ, అమ్మేవాళ్లవీ, తాగేవాళ్లవీ అయిన చరిత్రలో, పండిన కొండ పేరు పొట్లం మీదికి రావడం చిన్న విషయం కాదు. ఆ గుర్తింపు వల్ల వేరే చోట పండిన గింజను అరకు అని అమ్మడానికి వీల్లేదు.  ఆ పేరు తెచ్చే ధరలో ఎంత భాగం కొండమీది రైతుకు చేరుతుందన్నదే ఇక మనం పట్టించుకోవలసింది.

మన నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు కాఫీ దగ్గర రాయవలసింది ఇప్పుడు స్పష్టమే. కాఫీ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చింది. ఇంగ్లీషుకు డచ్చి, టర్కీ భాషల మీదుగా అరబ్బీ కహ్వా నుంచి వచ్చింది. కహ్వా మొదట మద్యం పేరు. కఫా నుంచి వచ్చిందన్నది ధ్వని పోలిక వల్ల పుట్టిన ఊహ. అక్కడితో ఆపకుండా ఇంకొక్క వాక్యం చేర్చాలి: చెట్టు పుట్టిన నేల మీద దాని పేరు బున. ఆ అడవులను కాపాడి, ఆ గింజను లోకానికి ఇచ్చిన ప్రజల రుణం తీర్చుకోవాలంటే, వాళ్లది కాని మాటను వాళ్లకు అంటగట్టనక్కర్లేదు. వాళ్లదైన మాటను నేర్చుకుని పిల్లలకు చెప్పాలి.